ఆది జాకెట్టు

మొన్న శనివారం మా అన్నయ్య కూతురు రాజోలు నుంచి వచ్చింది. చంకలో ఎనిమిది నెలల పిల్లాడు, చేతి సంచిలో రెండు జాకెట్టు ముక్కలు. పెద్దదాన్ని వాళ్ళ నానమ్మ దగ్గర వదిలి, బోడసకుర్రు వంతెన మీదుగా బస్సులో వచ్చేసింది. "అక్కడ కుట్టేవాళ్ళు లేరంటే?" అన్నాను. "ఉన్నారత్తా. చంకల దగ్గర పట్టేస్తోంది, భుజం దగ్గర జారిపోతోంది. మీ అమలాపురం టైలరుకే ఇద్దామని" అంది. ఆది కోసం పాత జాకెట్టు కూడా తెచ్చుకుంది.

భోజనాలయ్యాక పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసి వంటింటి గడప మీద కూర్చుంది. ఏదో చెప్పాలని వచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది. జాకెట్టు కోసం ఇంత దూరం ఎవరొస్తారు!

"మా అత్తగారు వచ్చే నెల ఆపరేషన్ చేయించేస్తానంటున్నారత్తా. ఆయన మే నెలలో వస్తారు కదా, ఈ లోపు అయిపోవాలంట."

వాళ్ళాయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. మా కోనసీమలో ఇది వింత కాదు, మలికిపురం, రాజోలు వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. దీనికి ఇరవై నాలుగేళ్ళు. మా అమ్మాయి కంటే ఆర్నెల్లు పెద్దది.

"నీకిష్టమేనా?" అన్నాను.

"పిల్లలు చాలత్తా, అది కాదు. వీడు పుట్టినప్పటి నుంచి నడుం లేవట్లేదు. ఇంకో ఏడాది ఆగుదామనుంది."

"మరి ఆ మాట మీ ఆయనకి చెప్పు. ఏడాది పాటు ఆయన్నే జాగ్రత్త తీసుకోమను."

తల వంచుకుని కొంగు అంచు మెలిపెట్టింది. చాలాసేపటికి, "ఆయనకది పడదత్తా" అంది.

పడదు. వంకాయ పడదు, పెరుగు పడదు అన్నట్టు. సరిగ్గా ఇదే మాట ఇరవై ఏళ్ళ కిందట మా ఇంట్లో విన్నాను. ఆ మాటతో మేం ఏడాది పాటు ఎంత నలిగిపోయామో దానికి చెప్పాను. మా అమ్మ నాకు చెప్పలేదు, నేను మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాసే ముందు మా ఆయన్ని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నా పేరు రాయకు. మిగతాది నీ ఇష్టం" అన్నారు.

మా బాబు 2004లో పుట్టాడు. కాన్పు మామూలుగానే అయింది కానీ రక్తం బాగా పోయింది, రెండు సీసాలు ఎక్కించారు. డాక్టరమ్మ, "ఇప్పుడు ఆపరేషన్ వద్దు, రక్తం పట్టాక చూద్దాం. అప్పటిదాకా మీ ఆయన్ని నిరోధ్ వాడమనండి" అంది. మా తరానికి ఏ కంపెనీదైనా నిరోధే కదా, డాల్డా అన్నట్టు. అది గవర్నమెంటు 1968లో పెట్టిన పేరు. మూడు కలిపి 15 పైసలకి, కిరాణా కొట్లలో టీ పొడీ సబ్బులతో పాటు అమ్మించారు. మొదట దానికి కామరాజ్ అని పేరు పెడదామనుకున్నారట. కాంగ్రెస్ పార్టీ పెద్దాయన పేరు కూడా కామరాజే అని గుర్తొచ్చి మానుకున్నారట! చివరికి సంస్కృతంలోంచి నిరోధం తెచ్చుకున్నారు. అడ్డుకోవడం అని అర్థం. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కనక నాకనిపిస్తుంది, మన తెలుగు మాట తొడుగే దానికి అన్ని విధాలా సరిపోయేదని. తొడుగు అంటే ఒంటికి తొడిగేది. ఒంటికి తొడిగేదేదైనా కొలత అడుగుతుంది. ఆ ఒక్క మాట వాడుకలో ఉంటే మా ఇంట్లో గొడవ సగం ఉండేది కాదేమో.

మా ఆయన అప్పుడు అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో లెక్కలు రాసేవారు. కాయ చేత్తో పట్టుకుంటే చాలు, ఇది ఏ రకంలోకి వెళ్తుందో చెప్పేసేవారు. పొద్దస్తమానం సైజులు ఏరించే మనిషి, ఈ ఒక్కటీ కొనడానికి మాత్రం ఎవరూ తెలియని ఊరని రావులపాలెం వెళ్ళారు. మందుల కొట్టువాడు "ఏది కావాలి?" అంటే "ఏదో ఒకటి" అన్నారట. పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఆ పెట్టె మీద ఏం రాసుందో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

అది సరిగ్గా కూర్చునేది కాదు. పైగా నేను పచ్చి బాలింతని, పాలిస్తున్నదాన్ని. పాలిచ్చే రోజుల్లో ఒళ్ళు లోపల పొడిబారి ఉంటుందని, అది జబ్బు కాదని నాకప్పుడు తెలీదు. నొప్పి పుట్టేది. మా ఇంట్లో ఏ నొప్పికైనా, ఏ దురదకైనా, పిల్లల ఒంటికైనా, తలుపు బందులకైనా ఒకటే మందు, కొబ్బరినూనె. కోనసీమలో పుట్టి కొబ్బరినూనె వాడనిదెవరు? గిన్నె తెచ్చి పక్కన పెట్టింది నేనే. ఆ రాత్రే అది చిరిగింది.

నూనె రబ్బరుకి శత్రువు. కొబ్బరినూనె కానివ్వండి, నెయ్యి కానివ్వండి, వాజిలీన్ కానివ్వండి, తగిలిన కొద్ది నిమిషాల్లోనే రబ్బరు సత్తువ పోతుంది. కంటికి కనపడదు, సాగదీస్తే పుటుక్కుమంటుంది. నీటితో చేసిన జెల్లీ అయితే ఏమీ కాదు, అది మందుల కొట్టులో దొరుకుతుంది. ఇప్పుడు ఇది మీకు ఒక్క వాక్యంలో చెప్పేశాను గానీ, ఆ రోజు ఎవరూ చెప్పక నలభై ఐదు రోజులు భయంతో బతికాను. పాలిచ్చేవాళ్ళకి నెలసరి ఎలాగూ సరిగ్గా రాదు. రాకపోతే పాల వల్లా, కడుపు వల్లా? రక్తం లేక లేచి నిలబడలేని నేను మూడో కాన్పు ఎలా మొయ్యను? ఇప్పుడైతే 72 గంటల్లోపు వేసుకునే మాత్ర ఉంది, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. నాకప్పుడు దాని పేరు కూడా తెలీదు. నలభై ఆరో రోజున స్నానాల గదిలో రక్తం చుక్క చూసి కూలబడి ఏడ్చాను, సంతోషంతో.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మా ఆయనకి దాన్ని చూస్తేనే భయం పట్టుకుంది. ఉత్సాహంగా ఉన్న మనిషి కూడా అది తొడుక్కునేసరికి నీరుగారిపోయేవారు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఇవాళ కూడా ఇలాగే అవుతుందేమో అనుకోవడంతోనే అయ్యేది. చివరికి "నాకది పడదు" అని అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి మంచం కూడా వసారాలోకి మారింది. పిల్లాడు రాత్రంతా ఏడుస్తున్నాడు, పొద్దున్నే కొట్టుకి పోవాలి అని సాకు.

ఆ రోజుల్లో ఊరూరా గోడల మీద, బస్టాండుల్లో పులిరాజా బోర్డులు ఉండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని. చాలా మంచి పని చేసిన ప్రచారమే, కాదనను. మా జిల్లాలో ఆ జబ్బు ఎన్ని ఇళ్ళు కూల్చిందో మాకు తెలుసు. కానీ దాంతో మా ఆడవాళ్ళ మనసులో ఒకటి పడిపోయింది, తొడుగు అంటే బయట తిరిగే మగవాడి సామాను అని. జేబులో ఉంటే అనుమానం, వాడమంటే అవమానం. ఆ బుర్రతోనే నేను ఒకరోజు అన్నం వడ్డిస్తూ అనేశాను, "ఇంట్లో పడదు గానీ బయటైతే పడుతుందేమో" అని. ఆయన ముద్ద కలిపిన చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయారు. పెళ్ళయ్యాక ఆయన అన్నం వదిలి లేవడం అదొక్కసారే. నేను అన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించే మాట కూడా అదే.

బియ్యం డబ్బా వెనక రెండు గాజు సీసాలు దొరికే దాకా నాకు అసలు సంగతి తెలియలేదు. గోధుమ రంగు పొడి, ఘాటు వాసన. అడిగితే మొదట ఆయుర్వేదం అన్నారు, గ్యాస్‌కి అన్నారు. తర్వాత కూర్చుని చెప్పారు. గోడల మీద "నరాల బలహీనత" అని రాస్తారు చూడండి, లాడ్జి పేరు, గది నంబరు వేసి? అక్కడికి వెళ్ళారు, రాజమండ్రి. ఆ గదిలో కూర్చున్నవాడు చెయ్యి పట్టుకుని నాడి చూసి, చిన్నప్పటి అలవాట్ల వల్ల నరాలు చచ్చిపోయాయి, మూడు నెలలు కోర్సు వాడకపోతే జన్మలో పనికిరావు అన్నాడట. కోర్సు 3,500 రూపాయలు. ఆయన నెల జీతం 4,000. కొట్టులో అప్పు పెట్టి తెచ్చారు.

నేను ఆయనకి ఇంకో మనిషి ఉందనుకుంటున్న రోజుల్లో ఆయన తనకి మగతనమే పోయిందనుకుంటున్నారు. ఒకే కప్పు కింద, ఆరడుగుల దూరంలో. ఒక్క పెట్టె వల్ల.

మా పెద్దమ్మ కూతురు కాకినాడలో స్టాఫ్ నర్సు. సంక్రాంతికి వచ్చినప్పుడు, గోంగూర ఏరుతూ అక్కతో చెప్పాను. చెప్పడానికి సిగ్గేసి ఎవరో మా వీధిలో ఆవిడకి అన్నట్టు మొదలుపెట్టాను. అక్క రెండో మాటకే పట్టేసింది. "మరి ఆ వీధిలో ఆవిడ మొగుడికి తెల్లారుజామున మామూలుగా ఉంటోందా?" అంది. నాకు మొహం వేడెక్కిపోయింది. ఉంటోందనే చెప్పాను. "అయితే నరాలకి ఏం రోగం లేదు. నిద్రలో, తెల్లారి లేచినప్పుడు ఒళ్ళు దాని పని అది చేసుకుంటోందంటే యంత్రం బాగున్నట్టే. మనసులో భయం ఉంది, తొడుగు కొలత తప్పు. ఆ పొడి మురిక్కాలవలో పొయ్యి" అంది. ఎవరికి ఏ మందు కలుపుతారో తెలియని పొడులు లివరునీ కిడ్నీలనీ పాడుచేస్తాయని కూడా చెప్పింది.

అప్పుడు తన బ్యాగులోంచి ఒక పెట్టె తీసి, అడుగున సన్నటి అక్షరాలు చూపించింది. నామినల్ విడ్త్ అని, పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె. ఆ తొడుగుని బల్ల మీద చదునుగా పరిస్తే అడ్డంగా ఎంత వెడల్పు ఉంటుందో అది. 49 ఉంటాయి, 52 ఉంటాయి, 53, 54, 56 కూడా ఉంటాయి. 52 అంటే చుట్టూ కొలిస్తే దానికి రెట్టింపు, 104 మిల్లీమీటర్లు. రబ్బరు సాగుతుంది కనక మనిషి చుట్టుకొలత అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి, అప్పుడే జారకుండా పట్టి ఉంటుంది. మరీ ఎక్కువైతే బిగదీసి నొప్పి, తిమ్మిరి, పట్టు తప్పడం, చిరగడం. తక్కువైతే వదులై, ఎక్కడ ఊడిపోతుందో అన్న ధ్యాసే తప్ప ఇంకో ధ్యాస ఉండదు. మగవాళ్ళు పొడుగు గురించి బెంగ పెట్టుకుంటారు గానీ తొడుగుకి కావలసింది చుట్టుకొలత.

నేను మిషను కుడతాను. చంక కింద ముప్పావు అంగుళం తేడా వస్తే జాకెట్టు విప్పి మళ్ళీ కుడతాను. ఆ రాత్రి మిషను డ్రాయర్లోంచి టేపు తీసి మా ఆయన చేతికి ఇచ్చాను. ఎందుకన్నారు. చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది! ముందు కోపం, తర్వాత సిగ్గు, తర్వాత నవ్వాపుకోలేక దిండులో మొహం పెట్టేసుకున్నారు. ఏడాది తర్వాత ఆ గదిలో నవ్వు వినపడింది.

కొలిస్తే రావులపాలెం పెట్టె ఆయనకి తగింది కాదని తేలింది. పెద్దదైందా చిన్నదైందా అని అడక్కండి. అది మా ఇంటి గుట్టు, అది చెబితే ఈ రాసిందంతా గొప్పలకో నవ్వులకో పోతుంది. అక్క కాకినాడ నుంచి మూడు అంకెలవి మూడు పెట్టెలు పంపింది, స్వీటు డబ్బాలో పెట్టి. రెండోది సరిపోయింది. కొన తలకాయ దగ్గర గాలి లేకుండా రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని తొడగాలని, పర్సులో వెనక జేబులో పెట్టుకుని ఎండలో తిరిగితే పాడవుతుందని, భద్రత కోసమని ఒకదాని మీద ఒకటి వెయ్యకూడదని, రబ్బరు పడక దద్దురు వస్తే రబ్బరు కానివి కూడా ఉంటాయని, అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టింది. నర్సు చేతిరాత, మందు చీటీలా. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ఒకే రోజులో అంతా కుదిరిపోయిందని అబద్ధం చెప్పను. భయం పోవడానికి మూడు నాలుగు నెలలు పట్టింది. మంచం మాత్రం వారంలోనే లోపలికి వచ్చింది.

2006 డిసెంబరులో పేపర్లో ఒక వార్త వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు మన దేశంలో 1,200 మందికి పైగా మగవాళ్ళ కొలతలు తీయించారని, అంతర్జాతీయ సైజులో చేసినవి వాళ్ళలో చాలామందికి వదులవుతున్నాయని. కొబ్బరి కొట్టులో ఆ రోజంతా ఒకటే నవ్వులట, ఒకరి మీద ఒకరు జోకులు. మా ఆయన సాయంత్రం వచ్చి, "నవ్వేవాళ్ళలో ఎంతమంది గోడ మీద లాడ్జి నంబరు రాసుకున్నారో" అన్నారు. వదులైతే ఊడిపోతుంది, బిగువైతే చిరుగుతుంది, ఏదైనా కడుపులు వచ్చేది మాకే కదా, ఇందులో నవ్వేదేముంది అనిపించింది నాకు.

ఇది రాస్తున్నానని తెలిసి మా అమ్మాయి నెట్లో వెతికి ఇంకొకటి చూపించింది, నా మొహం చూడకుండా ఫోను చేతికిచ్చి. అమెరికాలో కిన్సీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులున్న ఒక బృందం 436 మంది మగవాళ్ళని అడిగి 2010లో అచ్చువేసిన పేపరు. సరిగ్గా సరిపోని తొడుగు వాడినవాళ్ళలో చిరగడం, జారడం ఎక్కువట. దాంతోపాటు ఒరుసుకుపోవడం, పట్టు తప్పడం, సుఖం తెలియకపోవడం, మధ్యలోనే తీసి పారెయ్యడం కూడా ఎక్కువట. మా వసారా మంచం కథంతా నాలుగు లైన్లలో ఉంది. మా ఆయన ఒక్కరే కాదన్నమాట.

అయినా అక్క అప్పుడే చెప్పిన ఇంకో మాట కూడా రాయాలి. తొడుగు లేకపోయినా, ఏ భయం లేకపోయినా, తెల్లారుజామున కూడా పట్టు ఉండటం లేదంటే అది తొడుగు తప్పు కాదు. అప్పుడు వెళ్ళాల్సింది లాడ్జికి కాదు, మామూలు డాక్టరు దగ్గరికి. సుగరు, బీపీ, గుండె రక్తనాళాల జబ్బు ముందుగా అక్కడే బయటపడొచ్చట. మా చుట్టాల్లో ఒకాయనకి నలభై రెండేళ్ళకి సుగరు అలాగే తెలిసింది. ఆయన ఆ గోడల మందులకి రెండేళ్ళు తగలేశాక.

ఇప్పుడు మా మేనకోడలి సంగతికి వస్తాను. దాని అత్తగారిని తిట్టాలనిపించదు నాకు. ఆవిడా ఇరవై రెండేళ్ళకే చేయించుకుంది. మా వీధిలో నా ఈడు ఆడవాళ్ళని ఇంటి వరసన లెక్కపెట్టాను, ఆపరేషన్ లేని ఇల్లు నాదొక్కటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద 38 మందే. తొడుగు వాడేది దేశంలో నూటికి తొమ్మిదీ పది మధ్య, మన రాష్ట్రంలో ఒక్కరు కూడా నిండరు. మగవాళ్ళ ఆపరేషన్ కూడా అంతే, ఒక్కరు నిండరు. అది కోత లేకుండా పావుగంటలో అయిపోయేదే, మగతనానికి ఏమీ అవదు. కానీ ఎమర్జెన్సీలో పట్టుకుపోయి చేసిన రోజుల భయం మా మావయ్యగారి తరం నుంచి కొడుకులకి దిగింది. మా ఆయన్ని నేనూ అడిగాను ఒకసారి, మా అత్తగారు రెండు రోజులు అన్నం మానేశారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఆపరేషన్ తప్పని నేననను. కావాలనుకున్నవాళ్ళకి, ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళకి అది ఒక్కసారితో తీరే బాధ. తొడుగు అంత గట్టిది కాదు, సరిగ్గా వాడినా ఏడాదికి నూటికి ఇద్దరికి కడుపు వస్తుంది, మామూలుగా జనం వాడే తీరులో అయితే పదమూడు మందికి. అది తెలిసే మేం పన్నెండేళ్ళు నెట్టుకొచ్చాం. నాకు కడుపు మండేది ఒక్కచోటే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల నడుం లేవక కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుంటే, మగవాడికి పడదన్న ఒక్క మాటతో దాని కడుపు కోతకి సిద్ధమైపోతుంది. ఎందుకు పడట్లేదయ్యా, ఎక్కడ పడట్లేదు, బిగువా వదులా అని ఆ మగవాణ్ణి అడిగిన నాథుడు లేడు. అతనికీ చెప్పుకునే దారి లేదు. చెబితే నవ్వుతారు, లేకపోతే పొడి అమ్ముతారు.

ఇదంతా విని మేనకోడలు అంది, "అత్తా, నేను అడిగితే నా మీద అనుమానమా అంటారు. కువైట్‌లో ఉండి వస్తున్నారు కదా."

"అనుమానం సంగతి ఎత్తకు. నేనెత్తి చూశాను, అన్నం దగ్గర. మీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంటోంది అని అడుగు, అంతే" అన్నాను.

ఆదివారం రాత్రి దాని ఫోను. వాళ్ళాయన ముందు కసిరాడట, రూములో పక్కన నలుగురున్నారు, ఇవేనా ఫోన్లో మాట్లాడే మాటలు అని. అరగంట తర్వాత మేడ మీదకి వెళ్ళి తనే చేశాడట. పెళ్ళైన కొత్తలో కొన్న పెట్టె ఎప్పుడూ ఇబ్బందే పెట్టిందని, స్నేహితుల్ని అడిగితే నీకే ఏదో లోపం ఉందని ఎగతాళి చేశారని, అప్పటి నుంచి పడదని చెబుతున్నానని అన్నాడట. అయిదేళ్ళ కాపురంలో అది మొదటిసారి వినడం. వాళ్ళమ్మతో కూడా మాట్లాడాడట, నేను వచ్చేదాకా ఆపరేషన్ మాట ఎత్తొద్దమ్మా అని. ఆవిడ నిన్నటి నుంచి కోడలితో మాట్లాడటం లేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడుతున్నాయట.

జాకెట్లు గురువారానికి ఇస్తానన్నాడు టైలరు. మేనకోడలు తీసుకెళ్ళడానికి వస్తానంది. ఫోను పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అత్తా, నీ మిషను డ్రాయర్లో టేపు రెండోది ఏమైనా ఉందా? మా ఇంట్లో లేదు, ఇక్కడ కొట్లో అడగాలంటే ఎందుకో సిగ్గేస్తోంది" అంది.